మలేషియాలో ఉన్న మనం ఆదివారం సంతకి ఎందుకెళ్లాలి



ఈసారి పోస్టు కూరగాయల మీద. నవ్వకండి. చివరిదాకా చదివితే ఇందులోకి జీతమూ వస్తుంది, పర్మిటూ వస్తుంది, ఊళ్లో ఉన్న ఆడవాళ్లూ పిల్లలూ వస్తారు.

మేం చెప్పేది ఒకటే మాట. వారానికి ఒక్కరోజు మనమే పొద్దుటి సంతకి వెళ్లాలి. ఈ దేశంలో పండిన పచ్చి కూర, ఈ సముద్రంలో పట్టిన పచ్చి చేప కొనుక్కోవాలి. రూములో అందరం కలిసి వండుకు తినాలి. సైటు పక్క కొట్లో ఖాతా రాయించుకుని నూడుల్స్ పేకెట్లు, డబ్బా చేపలు, ఊరగాయ సీసాలు తెచ్చుకుని నెలంతా గడిపే పద్ధతి మానాలి. ఇది నాలుక రుచి కోసం చెప్పే మాట కాదు. ఇక్కడ మనకున్న ఆస్తి మన ఒళ్లు ఒక్కటే. ఆ ఒంట్లోకి ఏం వేస్తున్నామన్నది మన బతుకు లెక్క.

సైటులో మేం సూపర్‌వైజర్లం రోజూ చూసేది చెప్తాం. పొద్దున్న మీటింగులో నిలబెట్టి హెల్మెట్లు, బెల్టులు చూసేటప్పుడు మొహాలు కూడా చూస్తాం. ఎవడు అన్నం తిని వచ్చాడో, ఎవడు టీ తాగి పేకెట్ నూడుల్స్ మింగి వచ్చాడో పదిన్నర అయ్యేసరికి తెలిసిపోద్ది. ఎండ నెత్తి మీదకి వచ్చేసరికి రెండో రకం కుర్రాడు స్లాబ్ మీద రాడ్లు కట్టేచోట మాటిమాటికీ కూర్చుంటాడు. కళ్లు తిరుగుతున్నాయంటాడు. మధ్యాహ్నం తలనొప్పి మాత్ర, సాయంత్రం ఒళ్లు నొప్పుల మాత్ర. పని వాడిదే, ఎండ వాడిదే, జ్వరమేమీ లేదు. కడుపులో సత్తువ లేదు, అంతే. పైన పరంజా మీద ఉన్నోడికి కళ్లు తిరిగితే ఏమవుద్దో మీకు మేం చెప్పక్కర్లేదు.

నూడుల్స్ పేకెట్ తిప్పి వెనక చూడండి. సోడియం అని ఒక అంకె ఉంటుంది. రోజు మొత్తానికి 2000 మిల్లీగ్రాముల సోడియం మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే 5 గ్రాముల ఉప్పు. చాలా పేకెట్ల మీద ఆ అంకె వెయ్యి దాటే ఉంటుంది. రెండు పేకెట్లు చింపి, మసాలా పొడి అంతా వేసుకుని, పక్కన ఆవకాయ నంజుకుంటే ఆ రోజుకి సరిపడే ఉప్పు ఆ ఒక్క కంచంలోనే దాటిపోయింది. "చెమట పోతుంది కదన్నా, ఉప్పు కావాలి కదా" అని కుర్రాళ్లు అడుగుతారు. చెమట పోయినప్పుడు ఒంటికి కావలసింది నీళ్లు, అన్నం, కూర, ఓ పండు. మసాలా పొడి కాదు.

మాలో చాలామందిమి శ్రీకాకుళం జిల్లా వాళ్లం. ఉద్దానం అంటే ఏంటో మాకు పుస్తకం చదివి తెలియాల్సిన పనిలేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు. ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లు తినేసిందో లోకమంతా రాసింది. ఎందుకొస్తుందో ఇదీ కారణం అని డాక్టర్లు ఇప్పటికీ ఒక్క మాట మీదకి రాలేదు. కానీ కిడ్నీకి ఏవి పడవో మాత్రం అందరు డాక్టర్లూ ఒకే మాట చెప్తారు. ఒంట్లో నీళ్లు తగ్గడం, ఉప్పు ఎక్కువవడం, బీపీ పెరగడం, నొప్పి మాత్రలు రోజూ మింగడం. ఇప్పుడు మన రూముల్లో జరిగేది పక్కన పెట్టి చూడండి. ఆ నాలుగూ వరసగా కనపడతాయి. అలాంటి నేల నుంచి వచ్చిన మనమే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి.

ఇంక పర్మిట్ సంగతి. ఇక్కడికి రాగానే ఫోమెమా వైద్య పరీక్ష చేస్తారు. తర్వాత పర్మిట్ కొనసాగించేటప్పుడు మళ్లీ చేస్తారు. చాలామంది అది టీబీ, హెచ్ఐవీ కోసమే అనుకుంటారు. బీపీ చూస్తారు, మూత్రంలో చక్కెర, ప్రోటీను చూస్తారు, గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నాయా అని అడుగుతారు. అక్కడ అన్‌ఫిట్ అని పడితే ఏజెంటుకి కట్టిన అప్పు అలాగే ఉంటుంది, మనం మాత్రం విమానం ఎక్కాలి. అందుకే కూరగాయల పోస్టులో పర్మిట్ మాట తెచ్చాం.

"బయట తిందాం, హోటల్లో కూర ఉంటుంది కదా" అంటారు కొందరు. ఉంటుంది. మేమూ తింటాం అప్పుడప్పుడూ. కానీ రోజూ రెండు పూటలూ అదే అయితే నూనె, చక్కెర మన చేతిలో ఉండవు. తెహ్ తారిక్‌లో డబ్బా పాలు ఎంత పోస్తారో నిలబడి చూడండి. 2023లో ఈ దేశపు ఆరోగ్య శాఖ చేసిన సర్వేలో పెద్దవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరికి సుగరు ఉందని తేలింది. ఇక్కడి వాళ్లకే అలా ఉంటే, వాళ్ల తిండి తింటూ ఇంటి తిండి లేని మన సంగతి ఆలోచించండి.

ఇప్పుడు డబ్బు. పూటకి 8 రింగిట్లు అనుకున్నా రెండు పూటలకి 16, నెలకి 480. పైన టీలు, రొట్టెలు వేరే. మా రూములో ఎనిమిది మందిమి. బియ్యం, పప్పు, నూనె, గ్యాసు, సంత ఖర్చు, వారానికి మూడుసార్లు చేపా కోడీ, అన్నీ కలిపి మనిషికి నెలకి 220 నుంచి 250 రింగిట్ల మధ్య తేలుతుంది. మిగిలేది తక్కువలో తక్కువ 230. ఊళ్లో అది నాలుగు వేల రూపాయల పైమాట. 2025 నుంచి ఇక్కడ కనీస జీతం నెలకి 1700 రింగిట్లు. ఆ జీతం మీద బతికే కుర్రాడికి 230 అంటే చిన్నది కాదు. పిల్లల ఫీజు, లేదా అమ్మ మందులు అందులోనే వెళ్లిపోతాయి.

ఖాతా కొట్టు సంగతి కూడా చెప్పాలి. ఆ కొట్టువాడు చెడ్డవాడని మేం అనం. జీతం ఆలస్యమైనప్పుడు, ఒంట్లో బాలేక పనికి పోనప్పుడు ఆ పుస్తకమే మనకి అన్నం పెట్టింది. అది మర్చిపోకూడదు. కానీ పుస్తకంలో ఒక చెడ్డ గుణం ఉంది. ధర అడగనివ్వదు. "రాసుకో అన్నా" అనేసి వచ్చేస్తాం. వాడిపోయిన వంకాయ ఎంతకి రాశాడో, ముడుచుకుపోయిన బెండకాయ ఎంతకి రాశాడో జీతం రోజున మొత్తం అంకెగానే చూస్తాం. సంతలో అలా కుదరదు. చేతిలో నోటు ఉంటుంది, కళ్ల ముందు నాలుగు బల్లలు ఉంటాయి. ఈ బల్ల మీద ఎక్కువైతే పక్క బల్లకి పోతాం. కష్టపడిన సొమ్ము ఎటు పోతోందో మనకి తెలుస్తుంది.

"ఇక్కడ మన కూరలు దొరకవన్నా" అనేది వచ్చిన రోజు నుంచీ వినే మాట. అది నిజం కాదు. మన ఎండ, మన వాన ఇక్కడ ఏడాది పొడుగునా ఉన్నాయి. పేర్లు వేరు, అంతే. బెండకాయని బెండి అంటారు, సగం తెలుగే. వంకాయ తెరోంగ్. తోటకూర బాయమ్. కాకరకాయ పెరియా. బీరకాయ పెతోలా. ఆనపకాయ లాబు ఆయెర్. గుమ్మడికాయ లాబు. చిలగడదుంప కెలెదెక్. కర్రపెండలం ఊబి కాయు. చేమదుంప కెలాది. తాడులా పొడుగ్గా కట్టలు కట్టి అమ్మే కచాంగ్ పంజాంగ్ మన బొబ్బర కాయల జాతే. బోలు కాడలతో కట్టలు కట్టి ప్రతి బల్ల మీదా కనపడే కాంగ్‌కుంగ్ ఉంది చూడండి, అది మన చెరువు గట్టు మీద పెరిగే తూటికూర. ఇక్కడ వాళ్లు వెల్లుల్లి, మిరపకాయ వేసి పెద్ద మంట మీద రెండు నిమిషాల్లో వేయించేస్తారు. మనం పప్పులో వేసుకోవచ్చు.

పనసకాయ పేరు నాంకా. లేత కాయని నాంకా ముడా అంటారు. కొన్ని బల్లల దగ్గర తొక్క తీసి, ముక్కలు కోసి అమ్ముతారు. ఊళ్లో పనసపొట్టు కొట్టడానికి ఎంత చాకిరీ ఉంటుందో తెలిసినోళ్లకి ఆ ముక్కలు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఆవాలు నూరి పెడితే మనింటి పెళ్లి కూరే. అరటి పువ్వు జాంతుంగ్ పీసాంగ్. కొబ్బరి కెలాపా, అడిగితే అక్కడే మిషన్లో తురిమి ఇస్తారు. అల్లం, పచ్చిపసుపు కొమ్ము, నిమ్మకాయ, కరివేపాకు అన్నీ పచ్చివే దొరుకుతాయి. బొప్పాయి, జామ, అరటి అయితే చెప్పక్కర్లేదు.

చేపల దగ్గరికి వస్తే మనం తీరం నుంచి వచ్చినోళ్లం, మనకి ఒకరు నేర్పాలా? కానాగంతల్ని ఇకాన్ కెంబుంగ్ అంటారు. నెత్తళ్లు ఇకాన్ బిలిస్, ఎండువే ఎక్కువ. వంజరం తెంగ్గిరి. చందువ బావల్. రొయ్యలు ఉడాంగ్. చూసే పద్ధతి ఇక్కడా అదే. కన్ను తేటగా ఉబికి ఉండాలి, మొప్ప ఎర్రగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట మళ్లీ పైకి రావాలి. కన్ను లోపలికి పోయి తెల్లబడిందంటే ఎంత తక్కువకిచ్చినా వద్దు. వంజరం, చందువ ధర చూసి వెనక్కి రావద్దు. కానాగంత తినండి. పేదోడి చేప అని చిన్నచూపు చూస్తాం గానీ పులుసు పెడితే దానికి సాటి లేదు. మంచి నూనె ఉన్న చేప, ఒంటికి బలం.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. సంతలో కనపడేదంతా ఈ దేశపు పంట కాదు. ఉల్లిపాయ, వెల్లుల్లి, బంగాళాదుంప, కందిపప్పు చాలామటుకు బయటి దేశాల నుంచే వస్తాయి. అక్కడెక్కడో ఒక మాట అంటే ఇక్కడ మన కంచంలో ధర మారుతుంది. 2023 జులైలో మన దేశం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసింది. సెప్టెంబరు వచ్చేసరికి ఇక్కడ దిగుమతి బియ్యం ధర టన్నుకి 2350 రింగిట్ల నుంచి 3200కి ఎక్కింది. అందరూ స్థానిక బియ్యం మీద పడ్డారు, కొట్లలో అది దొరకడమే కష్టమైంది. ఆ నెలల్లో రూముల్లో ఏం మాట్లాడుకున్నామో గుర్తుందా? "మనూరి బియ్యం ఆగితే ఇక్కడ మన కడుపు మాడింది" అని. అప్పుడు కూడా బాయమ్ కట్ట, కాంగ్‌కుంగ్ కట్ట దగ్గరి పొలాల నుంచే వచ్చాయి. ఓడ మీద వచ్చేది తగ్గించుకుని, చుట్టుపక్కల పండేది పెంచుకుంటే మనకి అంత దెబ్బ తగలదు. ఊరి రుచి కోసం నెలకోసారి ఇండియా కొట్లో గోంగూర సీసా కొనుక్కోండి, తప్పులేదు. దాని మీదే బతకొద్దు.

వాన కూడా ధర మారుస్తుంది. నవంబరు నుంచి తూర్పు తీరంలో వానలు, గాలులు మొదలైతే పడవలు సముద్రంలోకి పోవు, చేప ధర ఎక్కుతుంది. ఆకుకూర కూడా వానకి పాడై పెరుగుతుంది. ఆ నెలల్లో గుడ్డు, పప్పు, చెరువు చేప మీద ఉండాలి. చైనీయుల కొత్త సంవత్సరం, హరి రాయా పండగలకి ముందు కోడి, చేప ధరలు పెరగకుండా ప్రభుత్వం కొన్ని వస్తువులకి గరిష్ఠ ధర పెడుతుంది. ఆ ధరల పట్టీ చూసుకుని కొనాలి. పండగ రోజుల్లో చాలా బల్లలు మూసేస్తారు కాబట్టి రెండు రోజుల ముందే తెచ్చుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలో తెలియనోళ్ల కోసం. పసార్ పాగీ అంటే పొద్దుటి సంత. తెల్లారకుండా మొదలై పదకొండుకల్లా సర్దేస్తారు. పసార్ మాలం అంటే రాత్రి సంత, ఒక్కో పేటలో ఒక్కో వారం పెడతారు. అక్కడ వండిన తినుబండారాలు ఎక్కువ, కూర కూడా ఉంటుంది. పసార్ తానీ అంటే రైతు బజారు. ఫామా అనే ప్రభుత్వ సంస్థ దాన్ని నడుపుతుంది. మన రైతు బజారు ఎరిగినోళ్లకి అది వెంటనే అర్థమవుతుంది. పసార్ బోరోంగ్ అంటే హోల్‌సేల్. కౌలాలంపూర్‌లో సెలయాంగ్‌లో ఉంది పెద్దది. ఇరవై మంది ఉన్న రూములు కలిసి కొంటే అక్కడ లాభం, ఇద్దరు ముగ్గురికి అంత దూరం బస్సు ఖర్చు దండగ.

పాత సంతల్లో కొందరు ముసలి చైనీయులు ఇంకా కాటి లెక్క చెప్తారు. ఒక కాటి అంటే సుమారు 600 గ్రాములు. ధర తక్కువుందని సంబరపడకముందు కాటికా కిలోకా అని అడగండి. "సకిలో బరాపా" అంటే కిలో ఎంత. "సెతెంగా కిలో" అంటే అరకిలో. "బోలే కురాంగ్" అంటే తగ్గిస్తావా. ఆడమనిషి అయితే కకాక్ అనండి, పెద్దావిడైతే మక్‌చిక్, మగాడైతే అబాంగ్. అక్కా, పిన్నీ, అన్నా అన్నట్టే. పలకరింపు బాగుంటే కరివేపాకు రెమ్మ ఊరికే పడుతుంది సంచిలో. రెండు మూడు వారాలు ఒకే బల్లకి వెళ్తే వాళ్లే "ఇది వద్దు, అది తీసుకో" అని చెప్తారు. తమిళులు చాలామంది సంతల్లో బల్లలు పెడతారు, వాళ్ల దగ్గర ములక్కాడ, పొట్లకాయ, దోసకాయ చూడొచ్చు.

బెండకాయ కొస తుంచితే టప్పున విరగాలి. వంకాయ తొడిమ పచ్చగా ఉండాలి. తూటికూర కాడ వంచితే విరగాలి, వంగిపోతే నిన్నటిది. ఇవి మనోళ్లకి మన అమ్మలు నేర్పిన సంగతులే. ఈ దేశం వచ్చాక ప్లాస్టిక్ పేకెట్ పైన ముద్ర చూడ్డం అలవాటై మర్చిపోయాం.

ఇంక అభ్యంతరాలు. మొదటిది, "టైము లేదు". నిజమే, పన్నెండు గంటలు పనిచేసి వచ్చినోడికి ఆదివారం నిద్ర కావాలి. అందుకే ఎనిమిది మందీ వెళ్లక్కర్లేదు. వంతు పెట్టుకోండి. వారానికి ఇద్దరు. ఒకడు సంచి మోస్తే ఒకడు బేరం ఆడతాడు. నెలకి ఒక మనిషికి ఒక పొద్దుపూట పడుతుంది. వారానికి ఒక సెలవు రోజు చట్టమే ఇచ్చింది, అందులో రెండు గంటలు మన కడుపుకి ఇవ్వలేమా?

రెండోది, "ఫ్రిజ్ లేదు". ఫ్రిజ్ ఉంటే మంచిదే, లేకపోయినా వరస తెలిస్తే గడుస్తుంది. ఆదివారం చేప, ఆకుకూర. సోమవారం మిగిలిన ఆకుకూర పప్పు. మంగళ, బుధ వారాల్లో బెండ, వంకాయ, బీరకాయ. వాటిని కడక్కుండా పాత పేపర్లో చుట్టి గాలి తగిలేచోట పెట్టాలి. గురువారం నుంచి గుమ్మడి, ఆనప, చేమ. ఇవి కోయకుండా ఉంచితే వారం ఉంటాయి. మధ్యలో గుడ్లు. వారం చివర పప్పుచారు, ఎండు నెత్తళ్లు. కొన్నదంతా మొదటి రెండు రోజుల్లో వండేసి, మిగతా వారం నూడుల్స్ తినే రూములు చాలా ఉన్నాయి. వరస లేకపోవడమే అక్కడ లోపం.

మూడోది భయం. ఇది చిన్న మాట కాదు. సంతల దగ్గర ఇమిగ్రేషన్ తనిఖీలు జరుగుతాయి, పేపర్లున్నోడు కూడా వణుకుతాడు. 2020 ఏప్రిల్‌లో సెలయాంగ్ సంత చుట్టూ ముళ్లకంచె వేసినప్పుడు ఆ వీధుల్లో మనలాంటి పరదేశీ కూలీలే ఎక్కువమంది ఇరుక్కుపోయారు. ఆ జ్ఞాపకం చాలామందికి పోలేదు. కానీ భయం పోవడానికి దారి రూములో దాక్కోవడం కాదు, పాస్‌పోర్టు మన చేతిలో ఉంచుకోవడం. ఇంకొకరి పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవడం ఈ దేశంలో 1966 పాస్‌పోర్టు చట్టం ప్రకారం నేరం. కంపెనీ "భద్రం కోసం" అని పెట్టుకుంటే, నలుగురు కలిసి మర్యాదగా అడగండి. బీరువాకి తాళం ఇమ్మనండి, మా దగ్గరే ఉంచుకుంటాం అనండి. ఇక్కడి 446 చట్టం కింద వసతి ఇచ్చే యజమాని ప్రతి మనిషికీ తాళం వేసుకునే బీరువా ఇవ్వాలి. కూరగాయలు కొనుక్కోడానికి కూడా మనిషి బయటికి వెళ్లలేకపోతే, ఆ ఉద్యోగంలో ఏదో తేడా ఉన్నట్టే.

సాటి సూపర్‌వైజర్లకి, ఫోర్‌మన్లకి ఒక మాట. మనం కంపెనీని ఏం అడుగుతున్నాం? హెల్మెట్లు, గ్లౌజులు, ఓటీ. వంటిల్లు అడగం. ఇరవై మందికి ఒక పొయ్యి పెట్టి, ఒక కుళాయి ఇస్తే వాళ్లు నూడుల్స్ తినక ఏం తింటారు? రెండు పొయ్యిలు, ఒక సింకు, ఒక ఫ్రిజ్, ఆదివారం పొద్దున్న సంత దాకా కంపెనీ వ్యాను. ఇవి అడగండి. మేనేజరుకి ధర్మం చెప్తే వినకపోవచ్చు, లెక్క చెప్తే వింటాడు. మనిషి కళ్లు తిరిగి పడితే పని ఎన్ని గంటలు ఆగుతుందో, ఒక ఎమ్సీకి ఎంతవుద్దో, కాగితం మీద రాసి చూపించండి. ఫ్రిజ్ ధర దాని ముందు ఎంత?

ఇంకొకటి కూడా ఉంది. సంతలో మనం కొనే కేబేజీ, టమాటా చాలావరకు కామెరూన్ కొండల మీద నుంచి వస్తుంది. అక్కడ తోటల్లో కోసేది, మోసేది ఎక్కువగా బంగ్లాదేశ్, నేపాల్, ఇండోనేషియా నుంచి వచ్చిన కూలీలు. వాళ్లూ మనలాగే అప్పు చేసి వచ్చినోళ్లే. వాళ్లు చలిలో కోసిన కూర, మనం ఎండలో కట్టిన భవనం, రెండూ ఈ దేశానికి కావాలి. అది పచ్చిగా ఉన్నప్పుడే కొని మర్యాదగా వండుకు తినడం మనకి చేతనైన పని.

మనకి ముందు కూడా తెలుగోళ్లు ఇక్కడికి వచ్చారు. పేరా రాష్ట్రంలో బాగన్ దాతో వైపు కొబ్బరి తోటలకి తెల్లోళ్ల కాలంలోనే కూలీలుగా వచ్చి ఉండిపోయారు. వాళ్ల మనవలు ఈనాటికీ తెలుగు మాట్లాడతారు. వాళ్లకి ఇండియా కొట్లు లేవు, ఫ్రీజర్లు లేవు, ఆవకాయ పార్సిలు లేదు. ఈ నేల మీద పండిందే మన పద్ధతిలో తాలింపు వేసుకుని బతికారు. వాళ్లు చేయగలిగింది వ్యాను, ఫోను ఉన్న మనం చేయలేమా?

కాబట్టి ఈ శనివారం రాత్రి రూములో కూర్చోండి. మనిషికి 15 రింగిట్లు వేసి డబ్బాలో పెట్టండి. సంతకి వెళ్లే ఇద్దరి పేర్లు గోడ మీద రాయండి. కూరల పేర్లు ఐదు నేర్చుకోండి చాలు, మిగతావి వేలు చూపిస్తే ఇస్తారు. నాలుగు వారాలు చేసి చూడండి. నెలాఖరున ఖాతా పుస్తకంలో మీ పేరు మీద ఎంత తగ్గిందో, ఇంటికి ఎంత ఎక్కువ పంపగలిగారో మీరే లెక్కేసుకోండి.

చదువు రాని తమ్ముళ్లు మీ రూములో ఉంటే ఇది చదివి వినిపించండి. మీ పేటలో మంచి పొద్దుటి సంత ఎక్కడుందో, ఏ వారం పెడతారో కింద రాయండి. జొహోర్, పెనాంగ్, క్లాంగ్ వైపు ఉన్నోళ్లు మరీ మరీ రాయండి. అవన్నీ ఒకచోట చేర్చి అందరికీ పంపిస్తాం.